తొమ్మిది దోనెల ఊరు

ఇరవై రెండేళ్ల వయసులో నాకు తెలియని సంగతంటూ లోకంలో ఒక్కటి కూడా ఉండేది కాదు. ఏళ్లు గడిచేకొద్దీ ఎలాగో ఒక్కొక్కటే తెలియకుండా పోతూ వచ్చింది. జగదల్‌పూర్‌లో చరిత్రతో బీఏ చదివి, ఫస్ట్ క్లాసు తెచ్చుకుని, రేకు పెట్టె నిండా నోట్సులతో కొంట బస్సెక్కిన రోజు నా నడక చూసి ఉంటే పాతకాలపు రాజులు కూడా పక్కకు తప్పుకునేవారు. (తోంగ్‌పాల్‌లో బస్సు ఛాయ్‌కి ఆగితే ఆ పెట్టెను కూడా నాతో కిందికి దింపించి, దాని మీద చెయ్యేసి నిలబడ్డాను. ఎవరైనా చరిత్రను ఎత్తుకుపోతారేమోనని భయం.) మాది కొంటలో కిరాణా కొట్టు, తాతల నాడు గోదావరి దాటి వచ్చి స్థిరపడిన కుటుంబం. నాన్న నా మార్కుల కాగితాన్ని రెండువైపులా తిప్పి చూసి, "రాజులంతా ఎప్పుడో పోయిన్రు బిడ్డా, వాళ్ల సంగతి నిదానంగ చూసుకోవచ్చు. ముందు ఆ చింతపండు ఎండల పోయించు" అన్నాడు. నేను చింతపండు ఎండలో పోయిస్తూనే, నా విలువ తెలిసే రోజు ఒకటి వస్తుందని కోతులను తోలుతూ ఎదురుచూశాను.

ఆ రోజు వర్షాలకు ముందే వచ్చింది. ఒక ఆఫీసు వాళ్లు (పేరెందుకు లెండి, వాళ్ల తప్పేమీ లేదు) చుట్టుపక్కల ఊళ్లన్నిటి చరిత్రతో ఒక పుస్తకం వేస్తున్నారని, రాయగలిగిన చదువుకున్నవాళ్లు కావాలని కబురొచ్చింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్లాను. అక్కడి కళ్లద్దాల సారు రాయ్‌పుర్ వైపు మనిషి, నెమ్మదైనవాడు. ముందు ఒక్క ఊరు రాసి చూపించమన్నాడు. ఊరికి సొంత చరిత్ర ఉండి, చూపించడానికి పాతది ఏదైనా ఉంటే, గుడో కోటో కనీసం ఒక పాత రాయో, ఆ ఊరికి పుస్తకంలో సొంత పేజీ, రోడ్డు మీద సొంత పేరుతో బోర్డు వస్తాయట. లేకపోతే పక్కనున్న పెద్ద ఊరి కింద ఒక పారగా, అంటే శివారు పల్లెగా, నంబరు వేసి కలిపేస్తారట. నాకు దక్కింది ఏటిగడ్డ. శబరి నది రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసేచోట, మధ్యలో మిగిలిన నేల మీద పదకొండు ఇళ్లు. ఎండాకాలంలో మోకాటి లోతు నీళ్లలో నడిచి వెళ్లవచ్చు, వానలు పడ్డాక దోనె తప్ప గతిలేదు. కాగితాల్లో అప్పటికి దాని పేరు "పార నంబర్ మూడు".

ఏటిగడ్డవాళ్లు దోర్లా తెగవాళ్లు. ఇంట్లో దోర్లీ, మా కొట్టుకొస్తే తెలుగు, ఆఫీసుకెళ్తే హిందీ మాట్లాడతారు. అవతలి ఒడ్డువాళ్లతో ఇంకేదో మాట్లాడతారు, అది నాకిప్పటికీ రాదు. దోనె నడిపే తాతే వాళ్లలో పెద్దవాడు. ఒకే మాను తొలిచి చేసిన ఆ దోనెలో గెడ పట్టుకుని నిలబడితే ఆయన వయసు సగానికి సగం తగ్గిపోయేది. నేను వచ్చిన పని చెప్పగానే గెడను ఇసుకలో గుచ్చి, ఎన్నాళ్ల నుంచో దాచుకున్న మాటను బయటపెట్టాడు.

"నాకు పేరున్నది. మా కుక్కకు గూడ పేరున్నది. ఊరికి నంబరేంది సేటు బిడ్డా?"

రేషన్ కార్డులో మూడు, బడి కాగితంలో మూడు, ఆఖరికి ఆసుపత్రి చీటీలో కూడా మూడేనట. తాము పోయేలోపు ఆ మూడు పోయి ఏటిగడ్డ అని రాసి ఉంటే చూడాలని తాతకూ, ఆయన భార్య అవ్వకూ కోరిక. నేను చేతిలోని నోట్‌బుక్కును గుండెకు హత్తుకుని, ఆ బాధ్యత నాదని మాటిచ్చాను. మాటివ్వడం ఆ వయసులో తుమ్మినంత తేలిక.

నాలుగు రోజులు రోజూ వెళ్లాను. మొదటి రోజే, ఊరు పుట్టి ఎన్నేళ్లయిందని అడిగితే తాత కొంచెం కూడా తడుముకోకుండా, "తొమ్మిది దోనెలు" అన్నాడు. ఒక దోనె నీళ్లలో పది పన్నెండేళ్లు నడుస్తుందట. తర్వాత దాని అడుగు పలచబడితే ఒడ్డుకు లాగి కొత్తదాన్ని తొలుస్తారు. పాతదాన్ని మాత్రం పారెయ్యకూడదు, నరకకూడదు. దానికి ఊళ్లో ఏదో ఒక పని ఇస్తారు. మూడో దోనె మేకలకు నీళ్లు పోసే తొట్టి. నాలుగో దానిలో మట్టి పోసి మిరప నారు పెంచుతారు. ఆరోది కూర్చునే బల్ల. ఏడోది తాత ఇంటి గడప. ఎనిమిదోది ఎడ్ల కుడితి తొట్టి. నీళ్లలో నడుస్తున్నది తొమ్మిదోది. ఏటిగడ్డలో పుట్టినవాళ్లు తప్ప మిగతా మనుషులంతా, వస్తువులంతా ఏదో ఒక దోనె ఎక్కి వచ్చినవే కాబట్టి వాళ్ల లెక్కంతా దోనెల మీదే. ఫలానా కోడలు ఆరో దోనెలో వచ్చింది, సూది మందు వేసే అమ్మ ఏడో దోనెలో వచ్చింది, టీవీ ఎనిమిదో దోనెలో వచ్చింది. (కరెంటు మాత్రం ఏ దోనెలోనూ రాలేదు. ఆ టీవీలో రెండేళ్లు కోడి పొదిగింది.) విత్తుల పండగనాడు అన్ని దోనెలకూ తలా ఒక చుక్క ఇప్పసారా పోసి, ఏ దోనెలో ఎవరొచ్చారో మొదటి నుంచి చెప్పుకుంటారట. వరదకు కొట్టుకుపోయిన మొదటిదాని పేరు మీద ఆ చుక్కను ఏటిలోనే పోస్తారు.

ఇంత చరిత్ర నోటిముందుకు తెచ్చి పెడితే, చరిత్రలో ఫస్ట్ క్లాసు తెచ్చుకున్న నేను ఏం చేశానంటారా? ఆవలించాను. తాత నన్ను వెంటబెట్టుకుని ఒక్కో దోనె మీదా చెయ్యి వేసి చూపిస్తుంటే నేను నోట్‌బుక్కులో బొమ్మలు గీసుకున్నాను. మూడోరోజు ఇక ఉండబట్టలేక, ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ చరిత్రంటే రాజులుండాలి తాతా, ఒక యుద్ధమైనా ఉండాలి అని చెప్పాను. తాత చాలాసేపు ఆలోచించి, నాలుగో దోనె కాలంలో రెండిళ్లకు ఒక పంది గురించి పెద్ద గొడవైందని, అది పనికొస్తుందేమో చూడమని అన్నాడు. పనికిరాదన్నాను. ఆ రాత్రే కొట్టులో గల్లా ముందు కూర్చుని నేనే ఒక రాజును పుట్టించాను. ఆయన వేటకొచ్చాడు, దారి తప్పాడు, దప్పికతో సొమ్మసిల్లాడు, ఏటిగడ్డ పూర్వీకుడొకడు దోసిట నీళ్లు పోసి కాపాడాడు, రాజు మెచ్చి ఊరిచ్చాడు. రెండు పేజీలు వచ్చింది. చదువుకుంటుంటే నాకే కళ్లు చెమర్చాయి. అడుగున నా పేరు కొంచెం పెద్ద అక్షరాలతో రాసుకున్నాను.

సారు స్వయంగా చూడటానికి వచ్చే రోజుకు తొలి వానలు పడ్డాయి. తెల్లారకముందే నేను ఏటిగడ్డ చేరి, ఊరంతటికీ మేనేజరునైపోయాను. వాకిళ్లు ఊడ్పించాను, పందులను తోలించాను, తాత చేత ఉతికిన చొక్కా వేయించాను. సారుకు మర్యాదగా ఛాయ్ ఇవ్వాలని మా కొట్లోంచి మంచి ఛాయ్‌పత్తీ, పాలపొడీ, యాలకులూ, గాజు గ్లాసులూ తెచ్చాను. పది గంటలకు అవతలి ఒడ్డు మీద జీపు హారను వినిపించగానే ఊరు ఊరంతా, అవ్వతో సహా, సారును ఎదుర్కోవడానికి రేవుకు వెళ్లింది. నేను ఛాయ్ కోసం ఆగాను. చూస్తే కట్టెలన్నీ తడిసి ముద్దయి ఉన్నాయి. ఊదీ ఊదీ కళ్లు ఎర్రబడ్డాయి తప్ప పొయ్యి అంటుకోలేదు. అటు దోనె బయల్దేరింది. నాలుగువైపులా వెతికితే, అవ్వవాళ్ల గాదె చూరు కింద, రెండు కర్రల మీద ఎత్తుగా పెట్టిన పాత మాను ముక్క ఒకటి కనిపించింది. ఒకవైపు గుంటగా ఉంది, చెదలు తినగా మనిషెత్తు మిగిలినట్టుంది, గలగలమని ఎండి ఉంది. ఊరిని ఇంత శుభ్రం చేయించినా ఈ చెత్త వీళ్ల కంట పడలేదు చూడు అని విసుక్కుంటూ, గొడ్డలి తెచ్చి నాకు చేతనైనంత వరకు నరికి, మిగిలిన మొనతో సహా పొయ్యిలో పెట్టాను. చెప్పకూడదు గానీ, అంత చక్కగా మండిన కట్టెను నేను మళ్లీ చూడలేదు.

సారు వచ్చి ఆరో దోనె బల్ల మీద కూర్చున్నాడు. ఛాయ్ తాగి, ఇంత మంచి ఛాయ్ ఈ వైపు తాగలేదని హిందీలో మెచ్చుకున్నాడు. నేను పొంగిపోయి, నిలబడి నా రెండు పేజీలూ చదివాను. రాజు సొమ్మసిల్లేచోట గొంతు కూడా వణికించాను. సారు ఓపిగ్గా చివరిదాకా విని, కళ్లద్దాలు తుడుచుకుని, ఈ రాజుగారికి ఈ నెలలో ఇది ఏడో ఊరమ్మా, ప్రతి ఊళ్లోనూ దప్పికతోనే వస్తున్నాడు అన్నాడు. రాసేవాళ్లందరికీ నాకొచ్చిన ఆలోచనే వచ్చిందన్నమాట. చూపించడానికి పాతది ఏమైనా ఉందా అని అడిగాడు. గుడి లేదు, కోట లేదు, రాయి లేదు. సారు పెన్ను మూతపెట్టడం చూశాను. "పార నంబర్ మూడు" ఇక శాశ్వతమైపోతుందని ఆ మూత చప్పుడులోనే తెలిసిపోయింది.

అప్పుడు తాత లేచాడు. ఊరికి నంబరు ఎందుకొద్దో చెప్పి, దోనెల లెక్క మొదలుపెట్టాడు. ఆయన తెలుగులో చెబుతున్నాడు, నేను హిందీలో చెబుతున్నాను. సారు పెన్ను మూత మళ్లీ తీశాడు. పందుల దొడ్డి దగ్గర సగం భూమిలోకి దిగిన రెండో దోనె చూశాడు, వంగి దాని అంచు మీది బాడిస దెబ్బలను వేలితో తడిమాడు. మూడోది చూశాడు. నాలుగోదానిలో మిరప నారు చూసి నవ్వాడు. ఎవరెవరు దేనిలో వచ్చారో అడిగి రాసుకుంటున్నాడు. ఊరు ఊరంతా వెనకాల నడుస్తోంది, నాకు కూడా ఒళ్లు గర్వంతో వేడెక్కింది. నాలుగు రోజులుగా నా ఎదురుగా ఉన్నదాన్ని నేను మొదటిసారి చూస్తున్నాను. తాత గాదె వైపు తిరిగి, "ఇగ ఐదోది" అని చెయ్యి చాపాడు.

చూరు కింద రెండు కర్రలు మాత్రమే ఉన్నాయి.

తాత ఆ కర్రలను చూశాడు. తర్వాత కింద పడి ఉన్న పేళ్లను చూశాడు, గొడ్డలిని చూశాడు. అక్కడి నుంచి ఆయన చూపు మెల్లగా పొయ్యి మీదికి వెళ్లింది, దాని వెనకే ఊరందరి చూపూ వెళ్లింది. ఐదో దోనె గురించి ఆయన నాకు రెండోరోజే చెప్పాడని అప్పుడు గుర్తొచ్చింది. నేనప్పుడు నెమలి బొమ్మ గీస్తున్నాను. సారు నన్నడిగాడు, ఏమైందని. ఊళ్లో రెండు భాషలూ గడగడా వచ్చేదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను. పోయిన వరదకు కొట్టుకుపోయిందని చెబితే సరిపోతుంది, లెక్క చెడదు, నా పరువు పోదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. తాత వైపు చూశాను. ఆయన నేనేం చెబుతానా అని నిలబడి ఉన్నాడు. నేనే నరికి పొయ్యిలో పెట్టాను సార్, మీరు తాగిన ఛాయ్ దానితో కాచిందే అని హిందీలో చెప్పేశాను. చెప్పాక ఏడుపొచ్చింది. మధ్యలో నేనే అందించిన రెండో గ్లాసు, సగం ఛాయ్‌తో, సారు చేతిలో ఇంకా అలాగే ఉంది. దాన్ని తాగాలో, కింద పెట్టాలో, పారబోయాలో తెలియని ఆయన ముఖం చూడాలి.

తాత పొయ్యి దగ్గరికి వెళ్లి, కాలగా మిగిలిన మొనను బయటికి లాగి, చెంబుడు నీళ్లు పోశాడు. మూరెడు ముక్క మిగిలింది. పొగలు కక్కుతున్న దాన్ని అలాగే తెచ్చి ఆ రెండు కర్రల మీద పెట్టి, ఇదీ ఐదో దోనె అన్నాడు. దానిలో ఆఖరిసారి ఏరు దాటి వచ్చింది అవ్వేనట, కొత్త పెళ్లికూతురుగా. ఆమెను దింపాకే దాన్ని ఒడ్డుకు లాగారట. ఊరి చరిత్రనే కాదు, నేను అవ్వ పెళ్లి దోనెను కూడా కాల్చానన్నమాట. ఆ మాట నేనే హిందీలోకి మార్చి చెప్పాల్సి వచ్చింది. (నా చదువు నాకు పెట్టిన పరీక్షలన్నింటిలో కష్టమైనది అదే.) అవ్వ వచ్చి నా పక్కన నిలబడింది. ఆ మసిబారిన ముక్కను వంగి చూసింది. ఊళ్లో అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు.

"దాంట్లె వచ్చిన్నాడు నేనేడ్సిన. ఇయ్యాల నువ్వేడుస్తన్నవ్" అంది అవ్వ. నా కొంగుతోనే నా ముఖం తుడిచింది. "నన్ను దింపినంక దానికి పనే లేకుండె. చూరు కింద ఉత్తగ పండుకున్నది. ఇయ్యాల పెద్ద సారుకు ఛాయ్ పెట్టింది. సారును తాగమను, సల్లారుతది."

నేను చెప్పకముందే సారుకు అర్థమైంది. గ్లాసు రెండు చేతులా పట్టుకుని, గుడిలో తీర్థం తీసుకున్నట్టు మిగిలింది తాగేశాడు. ఆ తర్వాత చెప్పులు విడిచి ఐదో దోనె దగ్గరికి వెళ్లి, నోట్‌బుక్కులో తనే రాయడం మొదలుపెట్టాడు. మిగతా దోనెలు చూసి తిరిగి వెళ్లేటప్పుడు తొమ్మిదోదానిలో ఎక్కబోతూ ఆగి, కోటలు చాలా చూశాననీ, ఊరివాళ్లు రోజూ నీళ్లు పోసి, నారు పోసి, పైన కూర్చుని వాడుకుంటున్న చరిత్రను చూడటం ఇదే మొదలనీ తాతతో అన్నాడు. నేను దాన్ని తెలుగులోకి మార్చబోయేలోపే తాత, "సమఝ్ గయా సాహెబ్" అని, అంటే అర్థమైందని, చక్కటి హిందీలో జవాబిచ్చి గెడ అందుకున్నాడు. ఆ తర్వాత కూడా ఏరు దాటేదాకా సారుతో హిందీలోనే వానల గురించి మాట్లాడాడు. ఒకవేళ నేను వరద కథ చెప్పి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకిప్పటికీ చెమట పడుతుంది.

పుస్తకం వచ్చింది. నా రాజు అందులో లేడు, అడుగున నా పేరూ లేదు. ఏటిగడ్డకు సొంత పేజీ ఉంది, మొదటి వాక్యం "ఈ ఊరు తొమ్మిది దోనెల నాటిది" అని. రోడ్డు మలుపులో నీలం బోర్డు పెట్టిన రోజు తాత చొక్కా వేసుకుని వచ్చి, చదవడం రాకపోయినా ఒక్కో అక్షరం మీదా చెయ్యి వేసి చూసుకున్నాడు, దోనెలను చూపించినట్టే. నాన్న మాత్రం కొట్టుకొచ్చిన ప్రతివాడికీ ఆ పుస్తకం చూపించి, "మా బిడ్డనే రాపిచ్చింది" అనేవాడు. ఎలా రాయించిందో ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది, ఏటిగడ్డవాళ్లు అప్పటికే సంతంతా చెప్పేశారు.

ఇప్పుడు నేను బడిలో చరిత్ర చెబుతున్నాను. పిల్లలు ఆవలిస్తే ఏమీ అనను. తాత పోయి రెండేళ్లయింది. ఆయన లేని రేవును చూడటం నాకింకా అలవాటు కాలేదు. ఏటిలో పదో దోనె నడుస్తోంది, దాన్ని తొలవడం ఆయన చేతుల మీదుగానే మొదలైంది. ప్రతి ఏడూ విత్తుల పండగకు నాకు ఏటిగడ్డ నుంచి కబురొస్తుంది, నేను ఎన్ని పనులున్నా వెళ్తాను. దోనెల లెక్క ఇప్పుడు అవ్వే చెబుతుంది. రెండోదానికి ఒక చుక్క ఇప్పసారా, మూడోదానికి ఒక చుక్క, నాలుగోదానికి ఒక చుక్క. గాదె చూరు కింద ఆ మూరెడు నల్లటి ముక్క దగ్గరికి రాగానే ఆగుతుంది. "ఐదో దోనె. నేనొచ్చిన దోనె. కొంట సేటు బిడ్డ ఛాయ్ పెట్టిన దోనె" అంటుంది. పదకొండు ఇళ్లవాళ్లూ నా వైపు తిరిగి నవ్వుతారు. రెండు పేజీల అడుగున నా పేరు పెద్ద అక్షరాలతో రాసుకున్నప్పుడు కూడా నాకు ఇంత గర్వం కలగలేదు. మిగతా దోనెలన్నిటికీ సారా పోసినా, ఐదోదానికి మాత్రం ఛాయే పోస్తారు, యాలకులు వేసి. ఆ ఛాయ్ ఏటా నేనే కాయాలి. చక్కెర సరిపోయిందో లేదో అవ్వ ముందు రుచి చూస్తుంది. కట్టెలు మాత్రం ఇప్పటికీ నన్ను ముట్టుకోనివ్వరు.